ఇష్టం లేకుండా క్విజ్‌కు వెళ్లి ఓడిపోయిన అమ్మాయిని మళ్లీ పంపవచ్చా?

పల్నాడు తండ్రి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. చదువులో ముందే ఉంటుంది కానీ నలుగురి మధ్య నోరు విప్పే స్వభావం కాదు. జవాబు తెలిసినా తరగతిలో చెయ్యి ఎత్తదని ఉపాధ్యాయులే చెబుతుంటారు. ఈ మధ్య మండల స్థాయి క్విజ్ పోటీకి ముగ్గురు విద్యార్థుల జట్టును పంపవలసి వచ్చింది. ముందు ఎంపికైన అబ్బాయికి జ్వరం రావడంతో, తరువాతి స్థానంలో ఉన్న మా అమ్మాయి పేరు రాసి పంపారు. వెళ్లనని ఇంటికి వచ్చి ఏడ్చింది. పాఠశాల పేరు నిలబెట్టాలని ఉపాధ్యాయులు, ఒక్కసారికి వెళ్లిరమ్మని మేము నచ్చజెప్పి పంపించాం.

రాత పరీక్ష దాటి వీళ్ల జట్టు చివరి నాలుగింటిలో నిలిచింది. వేదిక మీద ఒక రౌండులో ‘మనం రోజూ ప్రార్థన సమావేశంలో చెప్పే జాతీయ ప్రతిజ్ఞను రచించినది ఎవరు?’ అని అడిగారు. మిగతా ఇద్దరూ తెలియదన్నట్లు చూడగా, మా అమ్మాయే మైకు అందుకుని రవీంద్రనాథ్ టాగోర్ అని గట్టిగా చెప్పింది. హాలులో కొందరు నవ్వారు. ప్రశ్న పక్క జట్టుకు వెళ్లింది, వాళ్లు సరిగ్గా చెప్పారు, చివరికి అయిదు మార్కుల తేడాతో వీళ్లకు మూడో స్థానం దక్కింది. మొదటి రెండు జట్లను మాత్రమే జిల్లా స్థాయికి పంపుతారు కాబట్టి ‘ఆ ఒక్క ప్రశ్న చెప్పి ఉంటే వెళ్లేవాళ్లం’ అని జట్టులోని పిల్లలు తిరుగు ప్రయాణంలో అనడం దాని మనసులో నాటుకుపోయింది.

ఇప్పుడు మరో పోటీ రాబోతోంది. ఈసారి ఉపాధ్యాయులు దానినే ముందుగా అడిగారు. పంపవద్దని నా భార్య, పంపి తీరాలని మా నాన్నగారు అంటున్నారు. ‘ఓటమి విజయానికి తొలిమెట్టు’ అని మా నాన్నగారు చెప్పబోతే, ‘సరే తాతయ్యా, ఆ మెట్టు మీద నిలబడి నేనేం చెయ్యాలి?’ అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఓడిపోయిన క్విజ్ నుంచి నేర్చుకోవడమంటే ఆచరణలో ఏమి చేయాలి? ఇష్టం లేని పిల్లను మళ్లీ పంపడం సబబేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

విశ్రాంత సోషల్ మాస్టారు, తూర్పు గోదావరి:

అయ్యా, ఉద్యోగ జీవితమంతా సోషల్ పాఠాలు చెబుతూ, పాఠశాల క్విజ్‌లకు ప్రశ్నలు తయారు చేసి నిర్వహించినవాడిని. అమ్మాయిని ఓదార్చే పని తరువాత చూడవచ్చు. ముందు ఆమెతో కూర్చుని ఆ అయిదు మార్కుల లెక్కను విప్పి చూడండి.

పాఠశాల పోటీలలో ఎక్కువగా నడిచేది డైరెక్టు, పాస్ పద్ధతి. నేరుగా వేసిన ప్రశ్నకు జట్టు సరైన జవాబు చెబితే పది మార్కులు. చెప్పలేకపోతే ప్రశ్న పక్క జట్టుకు పోతుంది, వాళ్లు చెబితే అయిదు. ప్రశ్నలు ఎప్పుడూ ‘ఎ’ జట్టు నుంచి ‘డి’ జట్టు వైపే సాగుతుంటే, బలహీనమైన జట్టుకు పక్కన కూర్చున్నవారికి పాస్ ప్రశ్నలు వరుసగా అందుతాయి, గట్టి జట్టు పక్కన కూర్చున్నవారికి మాత్రం తమ వంతు కోసం ఎదురుచూడడమే మిగులుతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది చీటీ. అందుకే అనుభవమున్న నిర్వాహకులు సగం ప్రశ్నలు అయ్యాక దిశను తిప్పి, చివరి జట్టు నుంచి మొదలుపెడతారు. పెద్దల క్విజ్‌లలో ‘ఇన్ఫినిట్ బౌన్స్’ అనే పద్ధతి వచ్చింది కూడా ఇందుకే: ప్రశ్న ఎన్ని జట్లు దాటి వెళ్లినా మార్కులు తగ్గవు, జవాబు చెప్పిన జట్టుకు పక్కనున్నవారితో తరువాతి ప్రశ్న మొదలవుతుంది. తలా ఆరేడు ప్రశ్నలు మాత్రమే దక్కే పోటీలో అయిదు మార్కులంటే ఒకే ఒక్క పాస్ ప్రశ్న. దానిని బట్టి ఎవరికి ఎక్కువ తెలుసో తేల్చడం నావల్ల కాదు, ఇన్ని క్విజ్‌లు నడిపిన తరువాత కూడా.

అయితే పిల్లలతో అబద్ధం చెప్పకండి. ఆ ప్రశ్న ఫలితాన్ని మార్చిన మాట నిజమే. మీ జట్టుకు పది తప్పిపోయాయి, పక్కవారికి అయిదు చేరాయి. కానీ ఆ పోటీలో మీ జట్టు తప్పిన ప్రశ్న అదొక్కటే అయి ఉండదు. మిగతా ఇద్దరు తెల్లమొహం వేసిన ప్రశ్నలకూ పదేసి మార్కులు పోయే ఉంటాయి. వాటికి ఎవరూ నవ్వలేదు కాబట్టి అవి ఎవరికీ గుర్తు లేవు. తప్పిన ప్రశ్నలన్నింటినీ ముగ్గురూ కలిసి కాగితం మీద రాస్తే, ఓటమి ఎవరి మీద ఎంత పడుతుందో వాళ్లకే కనిపిస్తుంది.

ఇక ప్రతిజ్ఞ విషయం. దానిని రచించినది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి వారు. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న కాలంలో, చైనాతో యుద్ధం వచ్చిన 1962లో, తెలుగులో రాశారు. దానిని తెన్నేటి విశ్వనాథం గారికి చూపించగా, ఆయన అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి అందజేశారు. అక్కడి నుంచి అది దేశంలోని వేర్వేరు భాషలలోకి వెళ్లింది. ‘భారతదేశం నా మాతృభూమి’ అని రోజూ చెయ్యి చాచి చెప్పిన మన తరాలలో ఎంతమందికి ఈ పేరు తెలుసో ఆ హాలులో నవ్వినవారిని నిలబెట్టి అడిగితే తెలిసేది. చాలాకాలం పాఠ్యపుస్తకాలలో ప్రతిజ్ఞ రచయిత పేరు లేకుండానే అచ్చయ్యేది. జాతీయ గీతం టాగోర్‌ది, జాతీయ గేయం బంకించంద్రునిది అని తెలిసిన పిల్ల మూడోదానికి ఆ ఇద్దరిలో ఒకరిని అనుకోవడంలో తెలివితక్కువతనమేమీ లేదు. తెలిసిన దాని నుంచి ఊహించింది, ఊహ తప్పింది.

క్విజ్‌లో నాకు ఎక్కువ గౌరవం ఆ ఊహ మీదే. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ క్విజ్ మొదలుపెట్టిన నాటి నుంచి, మన హైదరాబాదులో 1972లో ఏర్పడిన కె-సర్కిల్ వంటి సంఘాల మీదుగా, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు ‘క్విజ్ టైమ్’ చూసిన మా తరం వరకు పెరిగిన సంప్రదాయం ఏమిటంటే, మంచి ప్రశ్నలోనే జవాబుకు దారి ఉండాలి. రాజధానులు, కరెన్సీల పట్టికను ఒప్పజెప్పించే పాఠశాల క్విజ్‌లు దురదృష్టవశాత్తు ఆ స్థాయికి చేరలేదు.

మరొకటి కూడా చెప్పాలి. తీర్పే తప్పయిన సందర్భాలు ఉంటాయి. ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఏదని అడిగితే ఒక అబ్బాయి హుబ్బళ్లి అన్నాడు. నిర్వాహకుడి చేతిలోని పాత గైడులో గోరఖ్‌పూర్ అని ఉంది కాబట్టి సున్నా వేశాడు. గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,366 మీటర్లు. 2023 మార్చిలో ప్రారంభమైన హుబ్బళ్లి ప్లాట్‌ఫారం 1,507 మీటర్లు. అబ్బాయి చెప్పిందే సరైనది. తరువాతి ప్రశ్న చదవకముందే లేచి మర్యాదగా అభ్యంతరం చెప్పడం, ఒప్పుకోకపోతే కూర్చోవడం పిల్లలకు ముందుగా నేర్పాలి. ఆ తరువాత గొడవ పడినా మార్కులు మారవు.

ఒకప్పటి పోటీదారు, హనుమకొండ:

పల్నాడు తండ్రి గారూ, నేను కూడా ఇష్టం లేకుండానే వెళ్లినదాన్ని. జట్టులో ఒక ఆడపిల్ల ఉండాలని మా పాఠశాలలో నియమం పెట్టారు, ఆ చోటు నింపడానికి నన్ను తీసుకున్నారు. జనరల్ నాలెడ్జి పుస్తకం చేతిలో పెట్టి ‘నువ్వు ఊరికే కూర్చుంటే చాలు’ అన్నారు. ఆ మాట నాకు మొదట హాయిగానే అనిపించింది. పోటీ మధ్యలో మాత్రం కాదు.

రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఏ ఊరిలో ఉండగా కనుగొన్నాడని అడిగారు. నేను సికింద్రాబాద్ అన్నాను, కెప్టెన్ చెవి దగ్గర, నెమ్మదిగా. అతను కలకత్తా అని ఖాయం చేశాడు. మా ఇంటివాళ్లు బేగంపేట దారిలో రాస్ పని చేసిన పాత భవనాన్ని నాకు చూపించి ఉన్నారు కాబట్టి నా జవాబు మీద నాకు అనుమానం లేదు. కెప్టెన్ పొరపాటుకూ మూలం ఉంది: 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో పరాన్నజీవిని చూసిన రాస్, మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి దోమకాటు వల్లే అది వ్యాపిస్తుందని నిరూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది ఈ మొత్తం పనికి. పాఠంలో రెండు ఊళ్లూ ఉన్నాయి, అతనికి ఒకటే గుర్తుంది.

మేము ఓడిపోయాం. మా సైన్సు టీచరు మమ్మల్ని తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. ‘జట్టులో ఎవరికైనా తెలిసి ఉండి, బయటకు రాని జవాబులు ఎన్ని?’ అని అడిగారు. లెక్కపెడితే అవి మేము నిజంగా తెలియక వదిలేసిన వాటికన్నా ఎక్కువ తేలాయి. ఆ తరువాత ఆమె పెట్టిన నియమం ఇప్పటికీ మంచిదనే అనుకుంటాను. ప్రశ్న వినగానే ముగ్గురూ ఎవరికి వారు చిన్న కాగితం మీద జవాబు రాయాలి, పక్కన నమ్మకం ఎంతో ఒకటి నుంచి మూడు వరకు అంకె వేయాలి. కెప్టెన్ తన జవాబుకన్నా ఎక్కువ అంకె ఉన్న జవాబు మరొకరి కాగితంలో ఉంటే దానినే మైకులో చెప్పాలి. గొంతు చిన్నదైన పిల్లలకు ఇంతకన్నా మేలు చేసే పద్ధతి నేను చూడలేదు. కాగితం మీద అందరి గొంతూ ఒకటే.

మీ అమ్మాయి విషయంలో నన్ను ఆలోచింపజేసినది వేరే. చెయ్యి ఎత్తని పిల్ల, మిగతా ఇద్దరూ వెనక్కి తగ్గినప్పుడు మైకు అందుకుంది అంటున్నారు. అది పోటీ మీద అయిష్టమేనా? అయిష్టాలు రకరకాలుగా ఉంటాయి. క్విజ్ అంటేనే ఆసక్తి లేకపోవడం ఒకటి, వేదిక అంటే భయం ఒకటి, ‘నీ వల్లే ఓడిపోయాం’ అంటారేమో అన్న బెదురు ఒకటి. మొదటిదైతే వదిలేయాలి. రెండోదానికి, మూడోదానికి జట్టు పద్ధతి మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వీటిలో ఏదో ఆమెనే అడగండి, తాతగారు లేనప్పుడు అడిగితే మరీ మంచిది.

బి.ఎడ్. అధ్యాపకురాలు:

పై ఇద్దరూ పోటీ గురించి చెప్పారు. అమ్మాయి అడిగిన ప్రశ్నకు, అంటే ఆ మెట్టు మీద నిలబడి ఏం చేయాలన్న దానికి, మనస్తత్వశాస్త్రంలో చాలా సూటిగా పనికివచ్చే సమాధానం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు జనరల్ నాలెడ్జి ప్రశ్నలు అడిగి, ప్రతి జవాబు మీద ఎంత నమ్మకముందో చెప్పించి, ఆ తరువాత సరైన జవాబు చూపించి మళ్లీ పరీక్షించారు. సందేహంగా చెప్పిన తప్పులకన్నా గట్టి నమ్మకంతో చెప్పిన తప్పులే ఎక్కువగా సరిదిద్దబడ్డాయి. అనుకున్నదానికి, అసలు విషయానికి మధ్య తేడా ఎంత పెద్దదైతే మనసు అంతగా ఉలిక్కిపడి శ్రద్ధ పెడుతుందన్నది దీనికి చెప్పే ముఖ్య కారణం. టాగోర్ అని మైకులో గట్టిగా చెప్పిన పిల్ల పైడిమర్రి వెంకట సుబ్బారావు గారి పేరును ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో, సరిగ్గా చెప్పి అయిదు మార్కులు తీసుకున్న పక్క జట్టు పిల్లలు కూడా అంతగా పట్టుకుని ఉంటారని నేను అనుకోను.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 2011లో బట్లర్, ఫాజియో, మార్ష్ అనే ముగ్గురు ఇదే ప్రయోగాన్ని వారం వ్యవధి పెట్టి చేశారు. దిద్దుకున్న లాభం వారం తరువాత కూడా నిలిచింది. కానీ సరైన జవాబును మరిచిపోయిన చోట, ఆ పాత నమ్మకపు తప్పు తిరిగి తలెత్తింది. కనుక సరైన జవాబు ఒక్కసారి విని తల ఊపితే చాలదు. అదే రోజు ఒకసారి, వారం తరువాత మరోసారి, పుస్తకం చూడకుండా తనంతట తాను గుర్తు చేసుకోవాలి.

గుర్తు చేసుకోవడం అన్నాను, చదవడం అనలేదు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివి, గుర్తున్నంత రాసి తమను తాము పరీక్షించుకున్నారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారే మెరుగ్గా చెప్పారు. వారం తరువాత అడిగితే తమను తాము పరీక్షించుకున్నవారు ముందున్నారు. క్విజ్‌కు ముందు రాత్రి జనరల్ నాలెడ్జి పుస్తకాన్ని తిరగేయించే ఉపాధ్యాయులు, ‘అన్నీ వచ్చేశాయి’ అని పిల్లలు చెప్పే మాటను నమ్మడం ఈ మొదటి అయిదు నిమిషాల ఫలితాన్ని నమ్మడమే.

మాస్టారు గారు తప్పిన ప్రశ్నలన్నీ రాయమన్నారు. ఆయన మీద గౌరవంతోనే ఒక చిన్న భేదాభిప్రాయం చెబుతాను: కేవలం ప్రశ్నను, సరైన జవాబును రాస్తే అది మరో గైడు పుస్తకం అవుతుంది. తాను చెప్పిన తప్పు జవాబును కూడా రాయాలి, అది ఎందుకు సరైనదనిపించిందో ఒక వాక్యంలో రాయాలి. ‘టాగోర్ అనుకున్నాను, ఎందుకంటే జనగణమన ఆయనదే’ అన్న వాక్యం ఉంటే, తరువాత చూసుకున్నప్పుడు తన ఆలోచన ఏ మలుపులో తప్పిందో కనిపిస్తుంది. హనుమకొండ సోదరి చెప్పిన కెప్టెన్‌కు కూడా ఇది పనికివచ్చేది: రాస్ రెండు ఊళ్లలో పని చేశాడన్న సంగతి ఆ ఒక్క తప్పుతోనే శాశ్వతంగా కుదురుకుని ఉండేది.

నవ్విన విషయానికి వస్తే, అది పరిశోధనలతో తీరేది కాదు. జనం ముందు నవ్వుల పాలైన జ్ఞాపకం, తప్పు దిద్దుకున్న జ్ఞాపకం రెండూ కలిసే ఉంటాయి. మొదటిది బరువు తగ్గాలంటే జట్టులోని మిగతా ఇద్దరు పిల్లలతో ఒకసారి మాట్లాడించడం అవసరమని నా అభిప్రాయం. తిరుగు ప్రయాణంలో వాళ్లన్న మాట హాలులో నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

ఇద్దరు పిల్లల తల్లి, నిజామాబాద్:

అన్నీ బాగున్నాయి కానీ, అసలు పంపాలా అన్న ప్రశ్నను అందరూ పక్కన పెట్టి, ఎలా గెలవాలో చెబుతున్నారు. వెళ్లనని ఏడ్చిన పిల్లను ఒకసారి పంపారు. అది వెళ్లింది, తన పాఠశాల కోసం కూర్చుంది, తన వంతు చేసింది. రెండోసారి కూడా మనమే నిర్ణయిస్తే దాని మాటకు ఇంట్లో విలువ ఏముంది? పోటీల వల్ల ధైర్యం వస్తుందని అంటారు, కొందరికి వస్తుంది. బలవంతంగా నిలబెట్టినందువల్ల పుస్తకమంటేనే విసుగు పుట్టిన పిల్లలనూ నేను చూశాను.

మరో దారి కూడా ఉంది. క్విజ్‌లో వేదిక మీద కూర్చునే పని ఒక్కటే ఉండదు. ప్రశ్నలు తయారు చేసేవారు కావాలి, మార్కులు వేసేవారు కావాలి, సమయం చూసేవారు కావాలి. మీ పాఠశాలలోనే ఆరు, ఏడు తరగతుల పిల్లలకు చిన్న క్విజ్ పెట్టించి, ప్రశ్నలు మీ అమ్మాయిని తయారు చేయమనండి. ఇష్టముంటే ఆ తరువాత తానే వేదిక ఎక్కుతుంది. లేకపోతే ప్రశ్నలు తయారు చేయడం కూడా మంచి పనే, దానికి లోటేమీ లేదు.

పల్నాడు తండ్రి:

ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. హనుమకొండ సోదరి చెప్పినట్లు మా నాన్నగారు పొలానికి వెళ్లినప్పుడు అమ్మాయిని అడిగాను. క్విజ్ అంటే ఇష్టమేనట. వేదిక మీద భయం ఉన్న మాట నిజమేనట కానీ, అంతకన్నా ఎక్కువగా తాను మరొకరి చోటులో వచ్చినందువల్ల ‘వాడు వచ్చి ఉంటే గెలిచేవాళ్లం’ అని అందరూ అనుకుంటారని బాధట. ఈ సంగతి మాకు తోచనే లేదు. టీచరు గారితో చెబితే, ఆయన ఆ అబ్బాయినీ మిగతా ఇద్దరినీ పిలిచి, తప్పిన ప్రశ్నలన్నీ నలుగురి చేతా రాయించారు. జ్వరంతో ఆగిపోయిన అబ్బాయికి కూడా ప్రతిజ్ఞ రచయిత ఎవరో తెలియదు. ఆ ముక్క ఇంటికి వచ్చి మాకు రెండుసార్లు చెప్పింది.

రాబోయే పోటీకి వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేల్చలేదు; పేర్లు ఇవ్వడానికి గడువు ఉంది, నిర్ణయం దానికే వదిలేశాం. మా నాన్నగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఈలోగా నిజామాబాద్ అక్కయ్య గారి సలహా దానికి బాగా నచ్చి, చిన్న తరగతుల కోసం ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. రెండు ప్రశ్నలు మాస్టారు గారికి చూపించమంది. మొదటిది: ‘ఆంధ్రప్రదేశ్ మొదటి రాజధాని ఏది? జవాబు: కర్నూలు.’ రెండోది: ‘హీలియాన్ని కనుగొన్నది ఎవరు? జవాబు: జాన్సెన్.’ రెండోదానికి మన గుంటూరుతో సంబంధం ఉందని చదివిందట, అందుకే ఎంచుకుంది.

విశ్రాంత సోషల్ మాస్టారు, తూర్పు గోదావరి:

అమ్మాయికి నా ఆశీస్సులు. అధ్యాపకురాలు గారి సవరణను కూడా ఒప్పుకుంటున్నాను. తప్పు జవాబును పక్కన రాయమనడం నాకు తోచని సంగతి.

అమ్మా, నీ రెండు ప్రశ్నలూ మంచి విషయాల మీదే ఉన్నాయి, కానీ రెండింటికీ అభ్యంతరాలు వస్తాయి. 1953 అక్టోబరు 1న ఏర్పడినది ఆంధ్ర రాష్ట్రం, దాని రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న ఏర్పడినది ఆంధ్రప్రదేశ్, దాని రాజధాని హైదరాబాదు. నువ్వు రాసిన మాటల ప్రకారం హైదరాబాదు అన్న జట్టుకే మార్కులివ్వాలి, నీ కాగితం మీద మాత్రం కర్నూలు అని ఉంది. ‘1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది?’ అని మార్చు.

రెండోదానిలో చిక్కు ఇంకా పెద్దది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్సుకు చెందిన పియెర్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశాడు. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యుని వర్ణపటంలో, అంటే రంగులుగా విడదీసిన వెలుగులో, గ్రహణం నాడు పరిశీలకులకు కనిపించిన పసుపు గీతను పరిశీలించాడు. అది సోడియం గీత కాదని, భూమి మీద తెలియని మూలకానిదని చెప్పి, సూర్యుని గ్రీకు పేరుతో హీలియం అన్నది ఆయనే. ఆ మూలకాన్ని భూమి మీద, యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి, 1895లో వేరు చేసినది విలియం రామ్సే. నీ ప్రశ్నకు ఒక జట్టు లాకియర్ అన్నా, మరో జట్టు రామ్సే అన్నా నువ్వు కాదనలేవు.

ఇలా రాసి చూడు: ‘1868లో సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరుకు వచ్చాడు. సూర్యుని వెలుగులో ముందుగా జాడ తెలిసి, ఆ తరువాత ఇరవై ఏడేళ్లకు భూమి మీద వేరు చేయబడిన మూలకం ఆ గ్రహణంతో ముడిపడి ఉంది. సూర్యుని గ్రీకు పేరు నుంచి తన పేరు తెచ్చుకున్న ఆ మూలకం ఏది?’ ఆరో తరగతి పిల్లలకు ఇది కొంచెం పొడవే. చదివేటప్పుడు రెండుసార్లు చదవాలి, బజర్ రౌండులో మాత్రం పెట్టకు.